ఎదురయ్యకు చెప్పిన రేపు

భాద్రపద శుద్ధ విదియ

పొద్దున్నే ఎదురయ్య కన్ను తుడిచాను. నా ఉద్యోగంలో మొదటి పని అది. రాత్రంతా వీచిన ఉప్పుగాలి ఆ గాజు మీద తెల్లగా పేరుకుంటుంది. తుడవకపోతే మనుషుల్ని పోల్చుకోలేడు. మొన్నొకసారి మా కోటమ్మత్తను చూసి ‘గుడ్ మార్నింగ్ సర్’ అన్నాడు. అత్త రెండు రోజులు అటువైపు మొహం తిప్పలేదు.

రెండో పని, రేవు బల్ల పక్కన ఉన్న కూజా నింపడం. నేను నింపుతాను, పొద్దెక్కేసరికి అది ఖాళీ అవుతుంది, మర్నాడు మళ్ళీ నింపుతాను. బెజవాడ రేవు కాలేజీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివింది ఇందుకేనా అని రోజూ ఒకసారి అనుకుని, కూజా మీద మూత పెడతాను.

ఎదురయ్య అన్నది ఊరు పెట్టిన పేరు. తీర మండలి వాళ్ళు పెట్టిన అసలు పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగదు. రేవు తెప్ప చివర నిలబెట్టిన ఆ ఇనప స్తంభం పడవెక్కబోయే ప్రతి మనిషికీ ఎదురొస్తుంది కాబట్టి ఎదురయ్య. పైన ఒరియా ఊళ్ళకీ, కింద తమిళ ఊళ్ళకీ ఇలాంటి స్తంభాలే ఉన్నాయి. అన్నిటికీ వచ్చిన భాష ఇంగ్లీషు ఒక్కటే. ‘వేర్ ఆర్ యు గోయింగ్?’ అని అడుగుతాడు. మనం చెబుతాం. చెప్పిన మాట ఎంత గట్టిదో తూచుకుంటాడు, సాయంత్రానికి అది జరిగిందో లేదో చూసుకుంటాడు. జరిగితే ఊరి నిలుపు పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. నిలుపు ఎక్కువున్న ఊరికి నీళ్ళ ఓడ ముందొస్తుంది. రేపు ఏ ఊళ్ళో ఎంతమంది దాహంతో ఇంటికొస్తారో తెలియకుండా ఓడను ఎటు తిప్పాలి మరి, అంటుంది మండలి. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

స్తంభం మీద పది దీపాలుంటాయి. మా తేలుపాలేనికి ఇప్పుడు ఐదు వెలుగుతున్నాయి. (తేళ్ళు లేవు. ఊరు తేలుతుంది, అంతే. నీళ్ళలోకి మునిగి చూస్తే పాత ఊరి సిమెంటు రోడ్డు, దాని మీద స్పీడు బ్రేకరు కూడా కనిపిస్తాయి.) ఐదు తగ్గకూడదు. పౌర్ణమి నాటికి తగ్గితే మండలి మా ఇళ్ళున్న తెప్పల కొక్కేలు విప్పేసి, నాలుగు ఊళ్ళకు పంచి తగిలిస్తుంది. ఆ పంపకం ముందే వేసి చూపించారు. అత్తవాళ్ళ తెప్ప ఉత్తరానికి, అత్త కూతురు ఈశ్వరి తెప్ప దక్షిణానికి. ఈశ్వరికి నెలలు నిండుతున్నాయి. కాన్పుకు అమ్మ దగ్గరుండాలని దాని ఆశ. పైకి ఎవరూ ఆ మాట అనరు. అత్త మాత్రం తెప్ప కొక్కేనికి రోజూ చేపనూనె రాసి, ఒకసారి గట్టిగా లాగి చూస్తోంది.

ఊరి మాట గట్టిపడాలని నన్ను భాషా సహాయకురాలిగా వేశారు. రేపటి గురించి ఇంగ్లీషులో ఎలా మాట్లాడాలో నేర్పాలి.

శుద్ధ చవితి

వలలు బాగుచేసుకునే తెప్ప మీద క్లాసు పెట్టాను. చేతులు పనిలో ఉంటే చెవులు ఖాళీగా ఉంటాయని నా ఆలోచన.

“ఇంగ్లీషులో రేపు అనేది ఒకటి కాదు, తాళ్ళలాగా రకరకాలు” అన్నాను. “‘ఐ విల్ గో’ అన్నామనుకోండి, అది పీచు దారం. అప్పటికప్పుడు అనుకున్నది, లేదా ఒట్టి ఊహ. ‘ఐ యామ్ గోయింగ్ టు గో’ అంటే నైలాను తాడు. ముందే మనసులో పెట్టుకున్నది. లేదా కంటికి గుర్తు కనబడుతున్నది. అదుగో ఆ మబ్బును చూసి ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అంటాం. ‘ఐ యామ్ మీటింగ్ ఈశ్వరి టుమారో’ అంటే రెండు పేటల మోకు. అవతల ఈశ్వరితో కూడా మాట అయిపోయిందన్నమాట. అన్నిటికన్నా గట్టిది లంగరు గొలుసు. ‘ది షిప్ లీవ్స్ ఎట్ సిక్స్.’ టైంటేబుల్లో ఉన్నది. ఒకరి ఇష్టాయిష్టాలతో పన్లేదు.”

“అయితే ఓడకిచ్చిన గౌరవం మనిషికి లేదంటావా?” అంది కోటమ్మత్త.

“ఇంగ్లీషులో లేదత్తా.”

“మనకి ‘తా’ ఒక్కటేనే. వస్తా, పోతా, చస్తా. ఏ తా ఎంత గట్టిదో మొహం చూస్తే తెలిసిపోద్ది.”

“ఎదురయ్యకి మొహాలు చదవడం రాదు.”

మస్తానయ్య మావ, అంటే అత్త మొగుడు, వల సూది పక్కన పెట్టి తీరిగ్గా అన్నాడు: “నేను మీ అత్తకి చెప్పేవన్నీ పీచు దారాలేనమ్మే. ఇన్నాళ్ళకి పేరు తెలిసింది.”

“నాకు ఎప్పుడో తెలుసులే” అంది అత్త, వలలోంచి తలెత్తకుండానే.

నవ్వుతూ నవ్వుతూనే నేర్చుకున్నారు. క్లాసు ముగిసేసరికి సముద్రంలో తాళ్ళకు పెంచిన నాచు కోసే ఆడవాళ్ళంతా ‘వియార్ కటింగ్ రోప్ నైన్ టుడే’ అని మోకు లాంటి వాక్యాలు చెబుతున్నారు. నాకు గర్వంగానే ఉంది. రాసుకుంటే తప్పేముంది.

శుద్ధ షష్ఠి

నాలుగు దీపాలు.

సాయంత్రానికి మూడు.

తీర మండలి నుంచి తనూజగారు తెర మీదికొచ్చారు. మా వరస ఊళ్ళన్నీ ఆవిడ చేతి కిందివే. మర్యాదగానే మాట్లాడతారు. ఆ మర్యాదే భయపెడుతుంది.

“కెజియా, మీ వాళ్ళ ఇంగ్లీషు చాలా మెరుగైంది. సంతోషం. కానీ చెప్పింది చెయ్యట్లేదు. ముందు ఏదో గొణిగేవాళ్ళు, ఇప్పుడు ఖచ్చితంగా అబద్ధం చెబుతున్నారు.”

“మావాళ్ళు అబద్ధం చెప్పరు మేడమ్.”

“స్తంభానికి మీవాళ్ళ మీద కోపమేమీ లేదమ్మా. అది చూసిందే చెబుతుంది.”

తెర ఆరిపోయాక అత్త అడిగింది: “ఏమంటదే ఆమె?”

“మీరు నా దగ్గర నేర్చుకున్న కొద్దీ దీపాలు ఆరిపోతున్నాయంట.”

“పోనీ, మర్చిపోదామా?” అంది అత్త. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

శుద్ధ అష్టమి

ఉదయం నుంచి రేవు తెప్ప మీదే కూర్చున్నాను. పాఠం చెప్పేవాళ్ళకి చూడటం తక్కువ. ఇవాళ నోరు మూసుకుని చూద్దామనుకున్నాను.

మావ వచ్చాడు. భుజాన ఇంజను నూనె డబ్బా. ఎదురయ్య అడిగాడు, ‘వేర్ ఆర్ యు గోయింగ్?’ మావ నిటారుగా నిలబడి, ‘ఐ యామ్ టేకింగ్ ది విమెన్ టు రోప్ నైన్’ అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. అయితే పడవెక్కలేదు. వెనక్కి తిరిగి బల్ల మీద కూర్చున్నాడు, కూజా వంచి గుక్కెడు నీళ్ళు తాగాడు, మూతి తుడుచుకుని లేచి మళ్ళీ వెళ్ళాడు. ఒకసారి అడిగిన మనిషిని ఆ పూటకి మళ్ళీ అడగడు ఎదురయ్య. మావ పడవెక్కాడు.

తర్వాత వచ్చిన ఆడవాళ్ళూ అంతే. ప్రశ్న, జవాబు, వెనక్కి, బల్ల, నీళ్ళు, మళ్ళీ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి చూసినట్టే అనిపించలేదు. అప్పుడే తనూజగారు మళ్ళీ తెర మీదికి పిలుస్తున్నారని తెర ఉన్న పైతెప్ప నుంచి కేక వచ్చింది. పరుగున వెళ్ళబోయాను. ఎదురయ్య కన్ను నా మీద పడింది. ‘వేర్ ఆర్ యు గోయింగ్?’ జవాబు చెప్పాను. మరుక్షణం చూసుకుంటే బల్ల మీద కూర్చుని ఉన్నాను, చేతిలో గ్లాసు ఉంది.

నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. నా కాళ్ళకు ఉన్నట్టున్నాయి.

బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడక్కూడదు. అడిగితే వెళ్ళిన పని కాదు. అడిగించుకున్నవాళ్ళు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. మాకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన సంగతి ఇది. ఎదురయ్య చేసే పనల్లా ఊరందరినీ రోజూ ఆ ఒక్క ప్రశ్న అడగడం. ఆయన లెక్కలో మొదటి ప్రయాణం రద్దు, మాట తప్పినట్టు. రెండోది చెప్పకుండా చేసిన ప్రయాణం, అది ఇంకో తప్పు. ఇదివరకు అందరూ ‘ఐ విల్ గో’ అని గొణిగేవాళ్ళు కాబట్టి తెగినవి పీచు దారాలు. నేను వచ్చి అందరి చేతికీ మోకులు ఇచ్చాను. మోకు తెగితే ఊరంతా ఊగుతుంది.

కూజా ఎందుకు ఖాళీ అవుతుందో ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అనుకోలేదు నేను.

శుద్ధ నవమి

తనూజగారికి చెప్పాను. ప్రశ్న మార్చమన్నాను. నవ్వలేదు, అది ఆవిడ మంచితనం. “నలభై ఊళ్ళకీ ఒకటే ప్రశ్న కెజియా. ఒక్క ఊరి శకునం కోసం మార్చమని నేను ఎవర్ని అడగను? మీవాళ్ళనే వెనక్కి తిరగొద్దని చెప్పు.”

ఊరిని పిలిచి చెప్పాను. అందరూ నావైపు కాదు, అత్తవైపు చూశారు. అత్త ఈశ్వరి తెప్పవైపు చూసింది. “ఊరి కోసమే కదా. ఒక్కపూట కూర్చోకుండా పోతాం” అంది.

పోయారు. అడిగించుకుని, జవాబు చెప్పి, తిన్నగా పడవలెక్కారు. రోజూ వినిపించే పాట కూడా లేవలేదు. ఎండ నడినెత్తికి రాకముందే సగం పడవలు తిరిగొచ్చేశాయి. ఒకరికి కడుపులో తిప్పిందట. ఒకరు కొడవలి నీళ్ళలో జారవిడుచుకున్నారు. రెండు పడవలు ఒకదాన్నొకటి రాసుకున్నాయి, రెండింట్లోనూ అక్కచెల్లెళ్ళే, రేవులో దిగాక కూడా మాట్లాడుకోలేదు. మావ తొమ్మిదో తాడు దాకా వెళ్ళి, ఊరికే కాసేపు ఆగి, వెనక్కి తిప్పుకొచ్చాడు.

“ఏమైంది మావా?”

“ఏం కాలేదమ్మే. అదే. ఏదో అయ్యేదాకా ఉండటమెందుకని వచ్చేశాం.”

రెండు దీపాలు.

అత్త కొక్కేనికి నూనె రాయలేదు ఇవాళ.

శుద్ధ దశమి

పొద్దున పొయ్యి దగ్గర అత్త, గడప దగ్గర మావ. రోజూ జరిగేదే. ఇవాళ మాత్రం నా చెవిన పడింది.

“ఏమయ్యో, కూడు ఎప్పటికి వండమంటావు?”

“పోటుతో వస్తాలే.”

“ఎండ్రకాయలా, చేపా?”

“ఎండ్రకాయలే చెయ్యి.”

అంతే. అత్త ఎక్కడికని అడగలేదు. తనకు కావలసిందంతా తెలుసుకుంది. ఎప్పుడొస్తాడో తెలిసింది, ఆకలితో వస్తాడని తెలిసింది. నీళ్ళ ఓడకు కావలసింది కూడా ఇంతకన్నా ఏముంది? మనం ఎక్కడికి పోతే దానికెందుకు, ఎప్పుడు ఇంటికొస్తామో తెలిస్తే చాలు కదా.

చేతిలో గిన్నె అక్కడే పెట్టి లేచాను. ఎదురయ్య గురించి నాకు తెలిసిన సంగతి ఒకటుంది. కన్ను తుడిచేటప్పుడు రోజూ చూస్తున్నదే. ఆయన ముందుకు రాగానే మనమే నోరు తెరిచి చెప్పేస్తే ఇక అడగడు. జవాబు దొరికిన వాళ్ళని అడగడం ఆయనకు రాదు.

“అత్తా, రేవు దాకా రా. మావని అడిగిన మాటే అక్కడ నిలబడి అడుగు. అందర్నీ అడుగు.”

“అందరి కూడూ నేనే వండాలా?”

“వండొద్దు. అడిగితే చాలు.”

పొయ్యిలో నిప్పు తగ్గించి వచ్చింది. ఎదురయ్య పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆడవాళ్ళు వస్తున్నారు, నిన్నటి మొహాలతో. మొదటామె ఎదురయ్య కంటి ముందుకు అడుగు పెట్టకముందే అత్త అందుకుంది: “ఏమే, కూడు ఎప్పటికి?”

ఆమె నవ్వి, “పోటుతో వస్తా” అంది. నేను చెప్పిన ప్రకారం అదే మాట ఎదురయ్యకు చెప్పింది: ‘ఐ కమ్ బ్యాక్ విత్ ది టైడ్.’

ఎదురయ్య లోపల టక్కుమంది. అంతే, ఏమీ అడగలేదు. పోటు ఎప్పుడు మొదలై ఎప్పుడు నిండుతుందో ఆయన కడుపులో ఏడాది పొడవునా ఉంటుంది. ఆయన దగ్గరున్న టైంటేబుళ్ళలో అంతకన్నా నమ్మకమైనది లేదు. మా మనుషులు దానికి తమని తాము కట్టుకున్నారు. ఓడ కన్నా గట్టిగా.

ఆమె బల్లవైపు చూసింది, అలవాటుగా. కాళ్ళు తిరగలేదు. ఎవరూ అడగలేదు కదా. తిన్నగా పడవెక్కింది.

పడవలు మొగ దాటి సముద్రంలోకి పోతుంటే పాట వినిపించింది. సాయంత్రం పోటు లేచింది, పోటుతో పాటే అందరూ వచ్చారు. మా వాళ్ళు ఎప్పుడూ అలాగే వస్తారు. తాతల నాటి నుంచి ఆ మాట తప్పింది లేదు, ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే.

రెండో దీపం పక్కన మూడోది వెలిగింది. అత్త పీట మీంచి లేవకుండానే దాన్ని చూసి, “నువ్వు చెయ్యి పెట్టకే, కన్ను నేనే తుడుస్తా రేపు” అంది.

శుద్ధ త్రయోదశి

నాలుగు. తనూజగారు పిలిచి, స్తంభాన్ని మేమేమైనా విప్పామా అని అడిగారు. విప్పలేదన్నాను. ఏం చేశారని అడిగారు. పలకరిస్తున్నాం అన్నాను. పౌర్ణమి నాడు స్వయంగా వస్తానన్నారు.

పౌర్ణమి

తనూజగారు మధ్యాహ్నం దిగారు. తెర మీద కన్నా పొట్టిగా ఉన్నారు. పడవ దిగుతూనే దీపాలు చూశారు. నాలుగు నిండుగా, ఐదోది కొట్టుకుంటూ. సాయంత్రం పోటు మొదలవగానే మా పడవలు చాలావరకు వచ్చేశాయి. మావ పడవ రాలేదు. అందులో తొమ్మిదో తాడు ఆడవాళ్ళందరూ ఉన్నారు. వాళ్ళ మాట నిలబడితే ఐదు, లేకపోతే లేదు.

పోటు ఇంకా లేస్తోంది. ఏడాదిలోకెల్లా పెద్ద పోట్లలో ఒకటి, తెప్పలన్నీ కొక్కేల మీద మూలుగుతున్నాయి. ఈశ్వరి కూడా నడుం పట్టుకుని రేవుకు వచ్చింది.

“ఇంజను ఆగిపోయి ఉంటుంది” అన్నాడు ఎవరో. “మనం ఎదురెళ్ళి లాక్కొద్దామా?”

“నా పడవ పంపిస్తాను” అన్నారు తనూజగారు. “ఎక్కడ వెతకాలి?”

అత్త పీట మీంచి కదల్లేదు. “ఎక్కడా వెతకొద్దమ్మా. పోటుతో వస్తానన్నాడు. పోటు ఇంకా నిండలేదుగా.”

నేను రేవు గుంజ మీద గీతలు చూస్తున్నాను. నీళ్ళు పై గీతకు చేరితే పోటు నిండినట్టు. జానెడు ఉంది. బెత్తెడు ఉంది. ఐదో దీపం ఆరిపోయింది. ఈశ్వరి నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

అప్పుడు మొగ మలుపులో కనిపించింది పడవ. అడ్డంగా. ఇంజను పైకెత్తి ఉంది. తెడ్డు కూడా ఎవరి చేతిలోనూ లేదు. ఆడవాళ్ళు నాచు మోపుల మీద కూర్చుని పాడుతున్నారు. మావ కాళ్ళు చాపుకుని చుక్కాని ఒక చేత్తో ఊరికే పట్టుకుని ఉన్నాడు. పోటు ఆ పడవను అరచేతిలో పెట్టుకున్నట్టు తీసుకొచ్చి, మెల్లగా తిప్పి, రేవు తెప్పకు ఆనించింది. నీళ్ళు పై గీతను అంటుకున్నాయి.

ఎదురయ్య లోపల టక్కు టక్కుమని వరసగా మోగింది, దిగిన ఒక్కో మనిషికీ ఒక్కోసారి. ఐదో దీపం వెలిగింది. చివరి మనిషిగా మావ దిగేసరికి ఆరోదీ వెలిగింది. తేలుపాలెం ఆరు దీపాలు ఎప్పుడూ చూడలేదు.

“ఎట్టా తెచ్చావు మావా?” అన్నాను.

“నేనెక్కడ తెచ్చానే. అదే తెచ్చింది.”

అత్త ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. “కూడు చల్లారిపోయింది.”

“వేడి చెయ్యవే.”

“చేస్తా.”

“ఏ తా?” అన్నాడు మావ. రేవు రేవంతా నవ్వింది. ఈశ్వరి నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని బల్ల మీద కూలబడింది. తనూజగారు ఎందుకో అర్థం కాకపోయినా నవ్వారు. అత్త మాత్రం నవ్వకుండా తన తెప్పకు వెళ్ళి కొక్కేన్ని ఒకసారి లాగి చూసింది. తర్వాత చేపనూనె సీసా తెచ్చి, దానికీ, పక్క తెప్పల కొక్కేలకీ, వరసగా అన్నిటికీ రాసుకుంటూ పోయింది.

బహుళ విదియ

తనూజగారు రెండు రోజులు ఉండిపోయారు. అత్త పక్కన పీట వేసుకుని చూశారు. ఇవాళ బయలుదేరేముందు నాతో అన్నారు: “మిగతా ఊళ్ళల్లోనూ కూజాలున్నాయి కెజియా. ఇంతకుముందు చూసి కూడా పట్టించుకోలేదు. నలభై స్తంభాలకీ ప్రశ్న మార్పిస్తాను. ఒక్కో ఊళ్ళో ఏమడగాలో తెలుసుకుని రావడానికి నువ్వు నాతో రావాలి.”

చదువు ముగించి ఊరికొచ్చినప్పటి నుంచి, రెండేళ్ళుగా, నీళ్ళ ఓడ వెళ్ళిన ప్రతిసారీ దాని వెనక నురుగు కనుమరుగయ్యేదాకా నిలబడి చూసినదాన్ని నేను. సంచి సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

రేవులో అత్త తనూజగారిని పలకరించింది. “మళ్ళీ వస్తే ఏం వండమంటావమ్మా?”

“ఏదైనా పర్లేదండీ. చూస్తాను, వీలు చూసుకుని... ఐ విల్ ట్రై.”

“పీచు దారం” అన్నారు ఆడవాళ్ళంతా ఒక్కసారే. తనూజగారు ఎర్రబడి, వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, కార్తీకంలో వస్తున్నానని తేదీతో సహా చెప్పారు. అప్పుడుగానీ ఆడవాళ్ళు ఒప్పుకోలేదు.

నా వంతు వచ్చింది. అత్త పీట మీంచి లేచింది. ఎక్కడెక్కడికి పోతున్నావని గానీ, నలభై ఊళ్ళు ఎట్టా తిరుగుతావని గానీ అడగలేదు. అడగకూడదని కళ్ళల్లోనే ఆపేసుకుంది.

“ఏం వండమంటావే?”

“గోంగూర రొయ్యలు.”

“ఎప్పటికి?”

ఈశ్వరి బిడ్డ అప్పటికి పుట్టి ఉంటుంది, పక్క తెప్పలోనే. ఎదురయ్య కంటి ముందుకు అడుగేసి, ఆయన అడగకముందే చెప్పాను: ‘ఐ కమ్ బ్యాక్ విత్ ది కార్తీక పౌర్ణమి టైడ్.’

టక్కుమంది. ఆ రోజుకి నా వాటా నీళ్ళు అప్పుడే పక్కన పెట్టాడు ఎదురయ్య.

తనూజగారి పడవ మొగ దాటుతుంటే వెనక్కి తిరిగి చూశాను. ఆరు దీపాలు, పీట మీద అత్త, బల్ల ఖాళీ. పొద్దున నేను నింపిన కూజా నింపినట్టే ఉంది.